పరీక్ష సర్వర్‌లో తెల్ల పేజీ

ఈ ఉదయం పరీక్ష సర్వర్‌లో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ 24.04 కూర్పు ఎక్కించి, పాత 20.04 కూర్పుపై నడుస్తున్న ఒక కస్టమర్ సైటు నకలును అందులో తెరిస్తే తెల్ల పేజీ తప్ప ఏమీ కనిపించలేదు. సర్వర్ లోపాలు నమోదయ్యే లాగ్‌లో ఉన్నది ఒకే ఫిర్యాదు: ‘ఈచ్’ అనే ఫంక్షన్ లేదట. సైటు కోడ్ రాసిన భాష పీహెచ్‌పీ. పాత సర్వర్‌లోని దాని 7.4 కూర్పు హెచ్చరికతో సరిపెట్టిన ఆ ఫంక్షన్‌ను 8.0లోనే తీసేశారు, కొత్త సర్వర్‌లో వచ్చేదేమో 8.3.

24.04 విడుదలైంది 2024 ఏప్రిల్‌లోనే అయినా, 22.04 వాడేవారికి దాన్ని అప్‌గ్రేడ్‌గా చూపించింది ఆగస్టులో మొదటి సవరణ కూర్పు 24.04.1 వచ్చాకే. తయారుచేసినవాళ్లే ఆగినప్పుడు, ఒకే యంత్రంపై వందల సైట్లు మోసే మనకెందుకు తొందర? అలాగని 20.04ను పట్టుకుని వేలాడనూ లేము. దాని సాధారణ మద్దతు 2025 మేలో ముగిసింది.

మొదటి సవరణ కూర్పు వచ్చి, సైట్లను నిర్వహించే కంట్రోల్ ప్యానెల్ కూడా కొత్త ఉబుంటుకు సరేనన్నాక, కొత్త కస్టమర్లను ముందు చేర్చి పాతవారిని ఒక్కొక్కరిగా తరలించడం నా పద్ధతి. ఈ సైటు వంతు మాత్రం ఆ కోడ్ రాసినాయన ఫోన్ ఎత్తాకే.