సబా గోమెల్ చెప్పిన గురువారం

ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్ల సంరక్షణ పనిలో ఉన్న మన తెలుగువాళ్లకు బిర్కత్ హగోమెల్ అనే మాట ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. ప్రాణాపాయం నుంచి బయటపడిన యూదులు పదిమంది ఎదుట నిలబడి దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతాస్తుతి అది. ఇళ్లలో క్లుప్తంగా గోమెల్ అంటారు. 2023 అక్టోబరు తర్వాత చెర నుంచి విడుదలై వచ్చినవాళ్లు ఆ స్తుతి చెబుతుంటే వార్తల్లో చూశాం. నేను చూసుకునే పెద్దాయనకు బైపాస్ ఆపరేషన్ అయిన దగ్గర నుంచి ఆయన గోమెల్ చెప్పే రోజు వరకు నేను పక్కనే ఉన్నాను. ఏ రోజున చెప్పాలి, ఎవరిని అడగాలి, మనం చేయగల సాయమేమిటి అన్నవి ముందే తెలిస్తే ఈ పనిలో ఉన్నవాళ్లకు ఎంతో సులువుగా ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

మాది కోనసీమ. పని రామత్ గన్‌లో. పెద్దాయన బాగ్దాద్‌లో పుట్టారు. 1950, 51 సంవత్సరాల్లో ఇరాక్ నుంచి లక్షమందికి పైగా యూదులను విమానాల్లో ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు తల్లిదండ్రులతో కలిసి వచ్చిన పిల్లవాడు ఆయన. ఇక్కడ అందరూ పిలిచినట్టే నేనూ ఆయనను సబా అంటాను, అంటే తాత. ఆయన నన్ను కొడుకా అంటారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజే సబా అడిగారు, గోమెల్ ఎప్పుడు చెప్పాలని. ఆయన కూతురు రబ్బీకి, అంటే యూదుల మతగురువుకు, ఫోను చేసి స్పీకరులో పెట్టింది. ఆసుపత్రి నుంచి పంపేశారంటే కోలుకున్నట్టు కాదని రబ్బీ చెప్పారు. ప్రమాదం దాటిందని డాక్టరు చెప్పాలి, మనిషి తన కాళ్ల మీద తాను నడవాలి, అప్పుడే. ఆపైన ఆయన అడిగిన ప్రశ్నలు నాకే వచ్చాయి. రాత్రి నిద్ర పడుతోందా? పక్కమీద నుంచి తానే లేస్తున్నారా? స్నానాల గది దాకా ఎవరూ పట్టుకోకుండా వెళ్తున్నారా? లేదు, ఇంకా నా చెయ్యి కావాలి అన్నాను. అయితే ఆగుదాం, తొందర లేదు అన్నారు. ధర్మశాస్త్రం విషయంలో నా మాటకు అంత విలువ ఉంటుందని నేను అనుకోలేదు. రోజూ దగ్గరుండి చూసేవాడి సాక్ష్యం కావాలని ఆయన సూటిగా అడగడం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది.

గడువు సంగతి కూడా ఆ ఫోనులోనే తేలింది. 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మశాస్త్ర గ్రంథంలో యోసెఫ్ కారో దీనికి ఒక అధ్యాయమే కేటాయించారు. కోలుకున్నాక మూడు రోజులు దాటకుండా చెప్పడం మంచిది, ఆలస్యమైతే తర్వాతయినా చెప్పుకోవచ్చు, బాకీ మాత్రం అలాగే ఉంటుంది అని అందులో ఉంది.

బైపాస్ అయినవాళ్లను చూసుకున్నవారికి తెలుసు, అసలు కష్టం లేచి నిలబడటంలోనే ఉంటుంది. రొమ్ము ఎముక కోసి మళ్లీ తీగలతో బిగిస్తారు. అది అతుక్కునేదాకా చేతుల మీద బరువు పెట్టకూడదు. కుర్చీ చేతులను నొక్కిపెట్టి లేవడం డెబ్బై ఏళ్లుగా అలవాటైన మనిషి ఒక్కసారిగా దాన్ని మానుకోవాలి. దగ్గు వస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోవాలి. సబా ఆ చిన్న దిండును ఇంట్లో ఎక్కడికి వెళ్లినా చంకలో పెట్టుకునేవారు. నేను ఎదురుగా నిలబడేవాణ్ని. పాదాలు వెనక్కి, ముక్కు మోకాళ్ల మీదుగా ముందుకు, ఇప్పుడు తొడలతో లేవండి అనేవాణ్ని. గోమెల్ నిలబడే చెప్పాలి. లేవలేనివారు కూర్చుని చెప్పినా చెల్లుతుందని రబ్బీ అన్నా సబా ఒప్పుకోలేదు. ఫిజియోథెరపిస్టు చెప్పిన లెక్కకంటే ఆ పట్టుదలే ఆయనను ఎక్కువగా లేపింది.

సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని ఈ స్తుతి గురించి అడిగేవాణ్ని. నేను తెలుగు బైబిలు తీసేవాణ్ని, ఆయన హీబ్రూది. దీనికి మూలం 107వ కీర్తన అని ఆయన చూపించారు. మన ఊళ్లో జబ్బు నుంచి లేచినవారి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టినప్పుడు చదివే కీర్తనే! చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. అయినా అందులో నాలుగు రకాల మనుషులు వరుసగా నడిచి వస్తున్నారని ఎప్పుడూ గమనించలేదు. ఎడారిలో దారి తప్పినవారు, చీకటి చెరలో ఉన్నవారు, అన్నం సహించక మరణద్వారం దాకా వెళ్లినవారు, ఓడల్లో సముద్రం మీద తుపానుకు చిక్కినవారు. ఒక్కొక్కరూ మొర పెడతారు, ఒక్కొక్కరూ బయటపడతారు, ఒక్కొక్కరికీ కృతజ్ఞత చెల్లించమనే పల్లవి వస్తుంది. యూదు పండితుల ప్రాచీన చర్చల సంకలనమైన తల్మూద్‌లో బెరాఖోత్ అనే గ్రంథంలో రవ్ యెహూదా తన గురువు రవ్ మాటగా ఈ నలుగురినే చెప్పారు. సముద్రం దాటినవారు, ఎడారి దాటినవారు, జబ్బు నుంచి కోలుకున్నవారు, చెర నుంచి విడుదలైనవారు కృతజ్ఞత చెల్లించాలి. ఈ నలుగురు కాక, గోడ కూలినా ఎద్దు పొడవబోయినా దొంగలు మీద పడినా తప్పించుకున్నవారి మాటేమిటి? దాని మీద పెద్దల్లో రెండు అభిప్రాయాలున్నాయి. దేవుడి పేరూ రాజన్న మాటా పలకకుండా వాళ్లూ చెప్పడం మంచిదని షుల్హాన్ ఆరూఖ్ తేల్చింది.

ఆ రవ్ యెహూదాకే ఒకసారి జబ్బు చేసి తగ్గిందట. బాగ్దాద్‌కు చెందిన రవ్ హనా, మరికొందరు పండితులు చూడటానికి వచ్చి, నిన్ను మట్టికి ఇవ్వకుండా మాకు ఇచ్చిన దయామయుడికి స్తుతి అన్నారు. నేను చెల్లించాల్సిన కృతజ్ఞత మీరు తీర్చేశారు అన్నాడాయన. అక్కడ పదిమంది ఉన్నారు, ఆయన ఆమేన్ అన్నాడు, అంతే, చెల్లిపోయింది. బాగ్దాద్ పేరు వచ్చినందుకు సబాకు ఈ కథంటే ప్రాణం. నాకు నచ్చిన కారణం వేరు. జబ్బు పడ్డవాణ్ని జబ్బు ఒంటరివాణ్ని చేస్తుంది. నెలల తరబడి గోడ, మందులు, నేను, ఇంతే సబా లోకం. అలాంటి మనిషి గదిలో ఒక్కడే కూర్చుని మనసులో అనుకునే కృతజ్ఞత ఈ ధర్మశాస్త్రానికి సరిపోదు. నలుగురి మధ్యకు రావాలి, వాళ్లు వినాలి, జవాబు చెప్పాలి. ప్రజల సమాజంలో ఆయనను ఘనపరచాలి, పెద్దల సభలో స్తుతించాలి అని కీర్తనలోనే ఉంది కదా, పదిమంది కావాలనే నియమం దాని మీదే నిలిచింది. సంరక్షణ పనిలో ఇన్నేళ్లున్న నాకు ఇంతకంటే వైద్యం తెలిసిన నియమం కనిపించలేదు.

సబా కోడలు పోలండ్ మూలాలున్న కుటుంబం నుంచి వచ్చింది. వాళ్ల పుట్టింట్లో మామూలు జబ్బులకు గోమెల్ చెప్పరు, ప్రాణం మీదికి వచ్చిన జబ్బుకే చెబుతారు. తూర్పు దేశాల యూదులు మంచం పట్టి లేచిన ప్రతి జబ్బుకూ చెబుతారు. ప్రయాణాల్లోనూ అంతే. ఊరి నుంచి ఊరికి డెబ్బై రెండు నిమిషాలకు మించిన దారైతే సబా వైపు వాళ్లు చెబుతారు, కోడలి వైపు వాళ్లు సముద్రమో ఎడారో దాటితేనే. ఛాతీ కోసిన ఆపరేషన్ కాబట్టి ఈసారి రెండు వైపులా ఒకే మాట.

డాక్టరు సరేనన్నాక గురువారం అనుకున్నాం. తోరాను, అంటే మోషే ధర్మశాస్త్ర గ్రంథాన్ని, సినగాగు అనే ప్రార్థనా మందిరంలో సోమవారం, గురువారం, శనివారం ఉదయాల్లో చదువుతారు. చదవడానికి ఎలాగూ పదిమంది ఉండాలి కాబట్టి గోమెల్ అప్పుడే చెప్పడం వాడుక. శనివారం ఆ చదువు దగ్గరికి ఏడుగురిని పేరు పెట్టి పిలుస్తారు, జనం ఎక్కువ, ఆరాధన పొడుగు. పైగా అది విశ్రాంతి దినం, ఆ రోజు సబా వాహనం ఎక్కరు. గురువారం పిలిచేది ముగ్గురినే. మొదట కోహెన్, అంటే యాజక వంశీకుడు, తర్వాత లేవీ గోత్రీకుడు, మూడోవారు మిగతా ఇశ్రాయేలీయుల్లో ఒకరు. సబా చేరేది ఆ మూడో స్థానంలోకే. అదే రోజు ఎవరింట్లోనైనా సంవత్సరీకమో, పిల్లవాడు పెద్దవాడైనట్టు గుర్తించే బార్ మిత్స్వా వేడుకో ఉంటే ఆ ఒక్క చోటు కోసం ఇద్దరు నిలబడాలి. అందుకని గబ్బాయితో, అంటే సినగాగు వ్యవహారాలు చూసే ఆయనతో, ముందురోజే మాట్లాడాం. పిలుపు లేకపోయినా చదవడం అయ్యాక లేచి చెప్పుకోవచ్చు, కానీ సబాకు తోరా దగ్గరికి వెళ్లాలని ఉంది.

ఆ ఉదయం లెక్క పెడితే తొమ్మిదిమందే ఉన్నారు. రోజూ వచ్చే ఒకాయన రాలేదు. సబా పక్కన నేను ఉన్నాను గానీ నేను యూదుణ్ని కాదు, లెక్కలోకి రాను. అది నాకు తెలుసు, అందులో నొచ్చుకోవడానికి ఏమీ లేదు. గబ్బాయి వీధిలోకి వెళ్లి, దుకాణం ముందు కూరగాయల పెట్టెలు దించుకుంటున్న ఒకతన్ని పిలుచుకొచ్చాడు. అతను చేతులు ప్యాంటుకు తుడుచుకుని, జేబులోంచి టోపీ తీసి పెట్టుకుని, ఎవరికి గోమెల్ అని అడిగాడు. సబాను చూపించారు. అతను నేరుగా వచ్చి సబా చెయ్యి పట్టుకుని, నీకోసమే వచ్చాను అన్నాడు. పదిమంది కావాలన్న నియమం ఏం చేస్తుందో నాకు అక్కడ అర్థమైంది. ఎవరో తెలియని మనిషి పని ఆపి వచ్చి, ఈ ముసలాయన బతికినందుకు సాక్షిగా నిలబడ్డాడు.

ఇరాకీ సినగాగుల్లో తోరా చుట్టను గుండ్రటి గట్టి పెట్టెలో ఉంచుతారు. దాన్ని తిక్ అంటారు. బల్ల మీద నిలువుగా నిలబెట్టి, తలుపుల్లా రెండు వైపులా తెరిచి, నిలబడే చదువుతారు. మూడో పిలుపు వచ్చింది. సబా కుర్చీ అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, చేతులు ఛాతీ మీద పెట్టుకుని లేచారు. నేను ఒక అడుగు వెనకే నడిచాను, ముట్టుకోలేదు. చదవడానికి ముందు ఒక స్తుతి, తర్వాత ఒక స్తుతి. ఆపైన గోమెల్. అర్హత లేనివారికి సైతం మేలు చేసే దేవా, విశ్వానికి రాజువైన మా ప్రభువా, నాకు సకల మేలూ చేసిన నీకు స్తుతి అని దాని భావం. ఒక్క వాక్యమే. సగంలో గొంతు పూడుకుపోయి ఆగారు. ఎవరూ అందించలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. ఆయన పూర్తి చేయగానే అందరూ ఒక్కసారిగా ఆమేన్ అని, నీకు సకల మేలూ చేసిన దేవుడు ఇకమీదటా నీకు సకల మేలూ చేయుగాక అన్నారు. కూరగాయలతని గొంతు అందులో స్పష్టంగా వినిపించింది. నేనూ ఆమేన్ అన్నాను.

తండ్రిని చూడటానికి అమెరికా నుంచి వచ్చిన కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. సముద్రం మీదుగా విమానంలో వచ్చాడు కాబట్టి అతనూ చెప్పాలి. ఒకరు ఇద్దరి తరఫునా చెప్పినా, రెండోవారు ఆ ఉద్దేశంతో వింటే చెల్లుతుంది. కానీ తండ్రి పూర్తి చేశాక అతను తన వంతుగా విడిగా చెప్పాడు.

సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత భోజనం. దానికీ ఒక మూలముంది. యెరూషలేములో దేవాలయం ఉన్న రోజుల్లో ఈ నలుగురు కృతజ్ఞతార్పణ తెచ్చేవారు. లేవీయకాండం 7వ అధ్యాయంలో ఉంది చూడండి. బలితో పాటు నాలుగు రకాల రొట్టెలు, రకానికి పది చొప్పున మొత్తం నలభై. యాజకుడికి రకానికొకటి పోగా ముప్పై ఆరు మిగులుతాయి. అవన్నీ ఆ పగలు, ఆ రాత్రి తినేయాలి, తెల్లవారేదాకా మిగల్చకూడదు. ఒక ఇంటివాళ్లు అన్ని రొట్టెలు తినలేరు. బంధువులనూ స్నేహితులనూ పిలిచి పెట్టాల్సిందే, పెట్టేటప్పుడు ఏం జరిగిందో చెప్పాల్సిందే. అందుకోసమే అన్ని రొట్టెలు, అంత తక్కువ గడువు అని వ్యాఖ్యాతలు రాశారు. దేవాలయం లేని ఈ కాలంలో ఆ అర్పణ స్థానంలో గోమెల్ వచ్చిందని పూర్వ పండితుల మాట.

మర్నాటికి మిగలకూడదని సబా కూతురు పొరుగువాళ్లందరినీ పిలిచింది. ముందురోజు నుంచి తనూ నేనూ కలిసి కుబ్బా ఉండలు చుట్టాం. రవ్వ పిండిని అరచేతిలో పలచగా నొక్కి, మధ్యలో మాంసం పెట్టి మూసి, బీట్‌రూట్ పులుసులో ఉడికించాలి. ఆ రోజు అరచేతుల ఎరుపు నాకు ఎంత కడిగినా వదల్లేదు.

భోజనానికి మనవరాలు పసిబిడ్డతో వచ్చింది. ఆమెకు కాన్పు చాలా కష్టమైంది, ఎంతో రక్తం పోయింది. ఆ ఇబ్బందులన్నీ తీరి డాక్టర్లు ఇక భయం లేదన్నది ఆ వారమే. ఆడవాళ్లు గోమెల్ చెప్పాలా వద్దా అనే విషయంలో ఒక్కో చోట ఒక్కో ఆచారం. కొన్నిచోట్ల భర్త చెబితే భార్య ఆమేన్ అంటుంది, కొన్నిచోట్ల అసలు చెప్పరు. బాగ్దాద్‌లోనే పుట్టిన రబ్బీ ఓవడియా యోసెఫ్ ఆడవాళ్లూ పదిమంది ఎదుట చెప్పాలని తీర్పు ఇచ్చారు. ఆ ఇంట్లో ఆయన మాటే ప్రమాణం. ఇంతమంది మళ్లీ ఎప్పుడు దొరుకుతారు అని సబాయే అన్నారు. గదిలో ఉన్న మగవాళ్లను లెక్కపెట్టారు, పదికి మించే ఉన్నారు. ఆమె బిడ్డను నా చేతికిచ్చి లేచి నిలబడి, చూడకుండా, తడబడకుండా చెప్పేసింది. జవాబు చెప్పినవాళ్లలో అందరికంటే పెద్ద గొంతు సబాదే. కుట్ల దగ్గర నొప్పెట్టి దిండు వెతుక్కున్నారు. నా చేతుల్లో బిడ్డ ఉంది కాబట్టి కొడుకే పరిగెత్తి తెచ్చి ఇచ్చాడు.