మూడు మీటర్లు, ఎక్కడి నుంచి?

పదకొండు దాటింది. బుజ్జిది పడుకుంది. గోళ్లలో నల్లరేగడి ఇంకా వదల్లేదు, నాకు నిద్రా పట్టడం లేదు.

నర్సంపేట రోడ్డులో మా ఫైబర్ కేబుల్ తెగింది. ఓటీడీఆర్ పెడితే, అంటే ఫైబర్‌లోకి వెలుగు పంపి ఎంత దూరంలో తెగిందో చెప్పే యంత్రం, 4.3 కిలోమీటర్లని చూపించింది. అది కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ప్రతి జాయింట్ దగ్గరా పదో ఇరవయ్యో మీటర్లు చుట్ట చుట్టి గుంతలో వదులుతాం. ఆ చుట్టలు తీసేసి లెక్కేస్తేనే ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. కేబుల్ వేసినప్పుడు గీసిన మ్యాపులో చుట్టల లెక్కే లేదు. తిన్నగా ఒక గీత గీసి, "రోడ్డు అంచు నుంచి 3 మీ." అని రాశారు.

అక్కడే తవ్వించాను. 165 సెంటీమీటర్ల లోతు దాకా వెళ్లినా ఏమీ లేదు. ఇంకాస్త ముందుకెళ్లి తవ్విస్తే మంచినీళ్ల పైపు. జేసీబీ పన్ను దానికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవర్ కిందికి దిగి, ఏమీ అనకుండా నా మొహం చూశాడు. ఆ పైపు పగిలుంటే సాయంత్రం ఆ వాడకు నీళ్లు లేవు. మ్యాపు గీసినవాడి మీద ఎంత కోపం వచ్చిందో! బిల్లు కోసం రూములో కూర్చుని గీసుంటాడని తిట్టుకుంటూనే ఉన్నాను.

పెద్దమేస్త్రి గుర్తొచ్చాడు. రాగి కేబుల్ రోజుల్లో నేను ఆయన దగ్గర టేపు పట్టుకునేవాణ్ని. గుంత పూడ్చకముందే కొలవాలి అనేవాడు. ఒక్క కొలతతో ఊరుకునేవాడు కాదు. కల్వర్టు మూల నుంచి ఎంత, బొడ్రాయి నుంచి ఎంత, రెండూ రాయాలి. బొడ్రాయిని ఎవరూ కదపరు కదా. నోటు పుస్తకాన్ని పాలకవర్లో చుట్టి చొక్కా లోపల దాచుకునేవాడు. ఒకసారి వానలో నేను అడుగులతో కొలిచి అంకె చెప్పేశాను. రాత్రి అన్నం తిన్నాక టార్చిలైటుతో నన్ను వెంటబెట్టుకెళ్లి మళ్లీ కొలిపించాడు. 40 సెంటీమీటర్ల తేడా. ఒక్క మాట అనలేదు. పాత అంకె కొట్టేసి, కొత్తది నాతోనే రాయించాడు.

అది తలచుకుంటూ కల్వర్టు దగ్గర నిలబడితే కనిపించింది: పాత రాతి గోడకు అతికించిన కొత్త కాంక్రీటు. రోడ్డు వెడల్పు చేశారు! పాత అంచు నుంచి మూడు మీటర్లు కొలిస్తే మా గుంతకు మీటరున్నర ఇవతల పడింది. కేబుల్ అక్కడే ఉంది. మట్టి కుంగి డక్టు, అదే కేబుల్ ఉండే గొట్టం, నలిగింది. నాలుగింటికి అతికించాం, లైను వచ్చింది.

అంటే పాపం, అతను సరిగ్గానే కొలిచాడు. కాకపోతే కదిలిపోయే అంచు నుంచి కొలిచాడు. పొద్దుట్నుంచీ ఊరికే తిట్టాను. రోడ్డు పెరిగాక మ్యాపు దిద్దాల్సింది ఎవరు? ఆ దారిన వారానికోసారి తిరిగేది నేనే. తవ్వేముందు చెప్పడానికి 2023లో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. రేపు ఎవరైనా అందులో అడిగితే, మా కేబుల్ ఎక్కడుందో మేము ఈ మ్యాపు చూసే కదా చెప్పాలి?

అంతలోనే మబ్బు కమ్మి, చీకటై వాన మొదలవడంతో కొలతలు తీసుకోలేకపోయాను. జాయింట్ గుంత పూడ్చొద్దని, చుట్టూ రిబ్బన్ కట్టించి వచ్చాను. పొద్దున ఆరింటికే టేపుతో వెళ్లాలి. రేపు ఆదివారం, బుజ్జిదాన్ని బజారుకు తీసుకెళ్తానని మాటిచ్చాను. వాళ్లమ్మకి ఇంకా చెప్పలేదు.