రెండు వైర్ల లెక్క: ముందు దిక్కు, తర్వాతే అంకెలు

సమాంతర వైర్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎంత అనే లెక్కలో ఇంటర్ పిల్లలకు ఫార్ములా రాక కాదు, నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మార్కులు పోయేది దిక్కు దగ్గర.

మొన్న మా మేనల్లుడికి ఒక లెక్క ఇచ్చాను. అనంతపురం పక్కన మా చేలో సోలార్ మోటరు ఉంది, ప్యానెళ్ల నుంచి కంట్రోలర్‌కు డీసీ వైర్లు రెండు, ఒకటి పోయేది, ఒకటి వచ్చేది. కరెంటు 10 ఆంపియర్లు అనుకో, వైర్ల మధ్య ఎడం 6 సెం.మీ. సరిగ్గా మధ్యలో నుంచి నిలువుగా 4 సెం.మీ. పైన క్షేత్రం ఎంత? అక్కడికి ఒక్కో వైరు నుంచి దూరం 5 సెం.మీ. ఫార్ములా 2×10⁻⁷ × కరెంటు ÷ మీటర్లలో దూరం, కాబట్టి 2×10⁻⁷ను 10తో గుణించి 0.05తో భాగిస్తే 40 మైక్రోటెస్లా (టెస్లా అనేది అయస్కాంత క్షేత్రానికి కొలత, మైక్రో అంటే అందులో పది లక్షల వంతు). "రెండూ కలిపితే 80 కదా మామా?" అన్నాడు.

కాదు. ఆ రెండు 40లూ ఒకే వైపు చూడవు. కుడిచేతి బొటనవేలు కరెంటు వైపు పెట్టి వేళ్లు ముడిస్తే క్షేత్రం తీగను చుట్టుకుని తిరుగుతుందని తెలుస్తుంది, అంటే ఆ బిందువు దగ్గర అది తీగ నుంచి గీసిన గీతకు లంబంగా ఉండాలి. బొమ్మ గీస్తే అడ్డంగా ఉన్న భాగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిలువు భాగాలే మిగులుతాయి: 2×40×3/5 (3 అంటే వైర్ల ఎడంలో సగం, 5 అంటే వైరు నుంచి దూరం), అంటే 48. రెండు కరెంట్లూ ఒకే దిశలో పోతే అడ్డం భాగాలు మిగిలి 64 అవుతుంది. పరీక్షల్లో మాటిమాటికీ మధ్యబిందువు దగ్గరే అడుగుతారు, ఒకే దిశ అయితే సున్నా, ఎదురు దిశ అయితే రెట్టింపు, అందుకే పిల్లలకు వెక్టర్, అంటే దిక్కు కూడా ఉన్న రాశి, అనేది గుర్తే రాదు.

ఆ 2×10⁻⁷ అంకె ఊరికే రాలేదు. మీటరు ఎడంలో ఉండి సమాన కరెంటు పోయే రెండు పొడవైన తీగల మధ్య మీటరు పొడవుకు 2×10⁻⁷ న్యూటన్ల బలం ఉంటే ఆ కరెంటే ఒక ఆంపియర్ అని 2019 దాకా నిర్వచనం. ఇప్పుడు ఎలక్ట్రాన్ ఆవేశంతో చెప్తున్నారు, లెక్కలో మనకు తేడా ఏమీ రాదు.

మన వైపు భూమి క్షేత్రం కూడా దాదాపు 40 మైక్రోటెస్లానే. కాబట్టి ఉత్తర దక్షిణాలుగా పోయే ఒక్క వైరుకు 5 సెం.మీ. పైన దిక్సూచి పెడితే ముల్లు సుమారు 45 డిగ్రీలు తిరగాలి. అదే రెండు వైర్లనూ సెంటీమీటరు ఎడంలో జత చేస్తే, వాటి వరుసలోనే రెండింటి మధ్య నుంచి 5 సెం.మీ. పక్కన మిగిలేది 8 మాత్రమే, మెలేస్తే ఇంకా తక్కువ. చూడాలనుకుంటే వైర్లను దూరంగా జరిపి, ఎండ బాగా ఉండి మోటరు నడుస్తున్నప్పుడు చూడండి, కనెక్టర్లు మాత్రం పీకొద్దు, డీసీ నిప్పు త్వరగా ఆరదు.