పైన్‌వుడ్‌లో వెలసిన హిమాలయం

చెన్నై వడపళనిలో మన తెలుగువాళ్ళు నలుగురు కూర్చుని ట్రిక్ షాట్ల మాట ఎత్తితే, అది కెమెరామన్ మార్కస్ బార్ట్లీ దగ్గరికి, 1957 నాటి ‘మాయాబజార్’ దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. ఆగాల్సిందే. అయితే అంతకు పదేళ్ళ ముందే ఇంగ్లండులో ఇదే విద్యని రంగుల్లో సాధించిన సినిమా ఒకటుంది: మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ తీసిన ‘బ్లాక్ నార్సిసస్’ (1947). కథ హిమాలయాల్లోని ఒక కాన్వెంటుది. మన మైసూరు వైపు పుట్టిన సాబు కూడా అందులో నటించాడు. కెమెరా మాత్రం ఇండియా గడప తొక్కలేదు. పైన్‌వుడ్ స్టూడియోలోనూ, ససెక్స్‌లోని ఒక తోటలోనూ పని కానిచ్చేశారు.

మరి ఆ కొండల మాటేమిటి? కొన్ని నలుపు తెలుపు ఫొటోలు. వాటిని బాగా పెద్దవి చేయించి, పైన పేస్టెల్ సుద్దలతో రంగు అద్దారు. కొన్ని పెర్సీ డే అనే చిత్రకారుడు గాజు మీద వేసిన బొమ్మలు. కొండ అంచున సన్యాసిని గంట మోగించే షాట్‌ని ఆపి చూడండి. గంట, తాడు, ఆమె నిలబడ్డ నేల సెట్టు. కింద కళ్ళు తిరిగేంత లోతున్న లోయ బొమ్మ.

రంగుల సినిమాలు తీసే అప్పటి టెక్నికలర్ కెమెరాతో ఇది ఎంత కష్టమో చెప్పాలి. లెన్సు వెనక ఒక పట్టకం (ప్రిజం) వెలుగుని రెండుగా చీలుస్తుంది. ఆకుపచ్చ వెలుగు ఒక ఫిల్ము మీద పడుతుంది. మిగిలింది ఒకదానికొకటి అంటుకుని నడిచే రెండు ఫిల్ముల మీదికి వెళుతుంది: ముందుది నీలం, వెనకది ఎరుపు. మూడూ నలుపు తెలుపు నెగటివ్‌లే. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాల్లో అయిపోతుంది, అదీ మూడేసి చొప్పున. వెలుగు ఇలా పంచుకుపోవడంతో సెట్టు మీద ఆర్క్ లైట్లు మండించాల్సి వచ్చేది, లెన్సు బాగా తెరిచి ఉంచాల్సి వచ్చేది. బొమ్మ వేసిన గాజుని కెమెరాకి, నటికి మధ్య నిలబెట్టి ఒకేసారి తీద్దామంటే, లెన్సు అలా తెరిచి ఉన్నప్పుడు దగ్గరున్న గాజు, దూరంగా ఉన్న నటి రెండూ ఒకేసారి ఫోకస్‌లో ఉండవు.

దానికి ఆ కాలపు విరుగుడు మాస్క్. బొమ్మ రావలసిన భాగాన్ని నల్లగా మూసి నటుల్ని తీస్తారు. ఫిల్ము కడగకుండా దాచి, తర్వాత అదే ఫిల్ము మీద బొమ్మని తీస్తారు. పరీక్షకని కొన్ని అడుగులు ఎక్కువ తీసుకోవడం తప్పనిసరి. కెమెరాలో ఫిల్ము నిలిచే చట్రంలో (గేటులో) అది వెంట్రుకవాసి కదిలినా కొండ గోడని వదిలేసి తేలుతుంది.

అంతకంటే పెద్ద గండం వెలుగు. బొమ్మలో నీడ ఎడమకి, నటి మొహం మీద కుడికి పడితే ఎవరికైనా తెలిసిపోతుంది. కెమెరామన్ జాక్ కార్డిఫ్, ఆర్ట్ డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ యూంగె గెలిచింది ఇక్కడే. ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి, న్యాయంగా వచ్చాయి.

గ్రాఫిక్స్ నేర్చుకుంటున్న పిల్లలు ఈ గాజు బొమ్మ విద్యని ఒక్కసారైనా చేత్తో చేసి చూడాలని నా కోరిక. మామూలు డిజిటల్ కెమెరా చాలు. 18 ఎం.ఎం. లెన్సు, అపెర్చర్ (లెన్సు తెరుచుకునే కంత) ఎఫ్/11, ఫోకస్ ఐదడుగుల దగ్గర. నాలుగడుగుల దూరంలో నాలుగడుగులకు ఆరడుగుల కిటికీ గాజుని ఫ్రేములో బిగించి నిలబెట్టండి. ట్రైపాడ్ కాళ్ళకి ఇసుక సంచులు కట్టండి. ముందు గాజు మీద, అందులోంచి ఎదురుగా కనబడే ఇంటి కప్పు గీత గీసుకుని, ఆ గీత పైన పోస్టర్ కలర్‌తో కొండ వేయండి. రంగులో రెండు చుక్కలు డిష్‌వాష్ ద్రవం కలపకపోతే గాజు మీద నిలవదు. కెమెరా వెనక నల్లగుడ్డ కట్టకపోతే మీ మొహమే గాజులో కనబడుతుంది. చెన్నైలో మేడ మీద చేసేటట్టయితే పొద్దున్నే మొదలుపెట్టండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే గాజు వణుకుతుంది. ఏ గంట వెలుగు చూసి నీడలు వేశారో మర్నాడు ఆ గంటకే షాట్ తీయాలి. అరగంట ఆలస్యమైతే ఇంటి నీడ జరిగిపోతుంది, కొండ నీడ అక్కడే ఉండిపోతుంది.