సముద్రపు నీటి ఖరీదు: అనంతపురం నుంచి ఒక లెక్క

అనంతపురంలో బోర్లు ఎండిన ప్రతి వేసవిలోనూ, సముద్రం నిండా నీళ్లుండగా మనకీ కరువేమిటని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అది వెర్రి ప్రశ్న కాదు గానీ, దాని జవాబు ఉప్పు తీసే యంత్రంలో కన్నా కరెంటు బిల్లులో ఎక్కువగా ఉంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఉప్పును ఆపి నీటిని మాత్రమే వదిలే సన్నని పొర గుండా మంచినీరు ఇవతలికి రావాలంటే, ఆ ఉప్పు వల్ల ఏర్పడే ద్రవాభిసరణ పీడనాన్ని, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 27 రెట్లున్న ఒత్తిడిని, ముందు దాటాలి. ఆచరణలో పంపులు 55 నుంచి 70 రెట్ల ఒత్తిడితో నీటిని నెట్టవలసి వస్తుంది. బయటికి పోయే చిక్కటి ఉప్పునీటిలో మిగిలిన ఒత్తిడిని తిరిగి వాడుకొనే పరికరాలు వచ్చాక, కిలోలీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు, మూడు నాలుగు యూనిట్ల కరెంటుతో పని జరుగుతోంది. అందులో దాదాపు ఒక యూనిట్ భౌతికశాస్త్ర నియమాల ప్రకారమే తప్పనిది కనుక, ఎంత మంచి పొరను కనిపెట్టినా అంతకన్నా దిగడం కుదరదు. మన ఊళ్లలో ఫ్లోరైడ్‌ను తీసేయడానికి పెట్టిన, ఇలాంటి పొరతోనే పనిచేసే ఆర్వో ప్లాంట్లు చవకగా నడుస్తున్నాయంటే, బోరు నీటిలో ఉప్పు సముద్రంతో పోలిస్తే ఎంతో తక్కువ కాబట్టి. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

చెన్నై ఉత్తరాన మీంజూరులో సముద్రపు నీటిని రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరుగా మార్చే ప్లాంటు 2010లో మొదలైనప్పుడు, ఒప్పందం ప్రకారం కిలోలీటరు ధర సుమారు 49 రూపాయలు. ఇరవై లీటర్ల క్యానును పది రూపాయలకు కొనే మనం కిలోలీటరుకు 500 చెల్లిస్తున్నట్టే కనుక, తాగడానికైతే ఆ ధర ఎక్కువేమీ కాదు. అదే నీటిని చేనుకు పారిస్తే కథ వేరు. వేరుశనగకు పంటకాలంలో 500 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే ఎకరాకు దాదాపు రెండు వేల కిలోలీటర్లు, అంటే లక్ష రూపాయల నీరు. ఎకరాకు పది క్వింటాళ్లు పండి, 2024-25 మద్దతు ధర 6,783 రూపాయలు పూర్తిగా చేతికొచ్చినా, రైతుకు దక్కేది 68 వేలు దాటదు. పైగా అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తున ఉంది. గొట్టాల ఘర్షణ మాట వదిలేసినా, కిలోలీటరును అంత ఎత్తుకు ఎక్కించడానికే మరో యూనిట్ పైన ఖర్చవుతుంది.

అందుచేత సముద్రపు నీటిని ఇక్కడికి తెచ్చే ఆలోచన కన్నా, ఇక్కడి నీరు సముద్రతీరానికి పోకుండా చూసే ఆలోచనే నాకు గట్టిగా కనిపిస్తుంది. తెలుగుగంగ కింద మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) వదులుకోగా, నష్టాలు పోను 12 టీఎంసీల కృష్ణా నీరు నంద్యాల, కడప జిల్లాల మీదుగా చెన్నైకి చేరాలి. మీంజూరులో, చెన్నై దక్షిణాన ఉన్న నెమ్మేలిలో కలిపి ఉన్న మూడు సముద్రపు నీటి ప్లాంట్లు పూర్తి సామర్థ్యంతో ఏడాదంతా నడిస్తే నాలుగున్నర టీఎంసీల నీరు వస్తుంది. చెన్నై దాన్ని వాడుకుంటే, అంతమేరకు కృష్ణా నీటిని దారిలోని వెలుగోడు జలాశయంలోనో బ్రహ్మంసాగర్‌లోనో నిలుపుకోవచ్చు.

అయితే ఈ మార్పిడి కూడా ఉచితం కాదు. ప్లాంట్లు ఎలాగూ కట్టేశారు కాబట్టి కరెంటును మాత్రమే లెక్కగట్టి, కిలోలీటరుకు మూడున్నర యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలనుకున్నా, ఒక టీఎంసీకి 70 కోట్లవుతుంది. సిడ్నీ నగరం 2010లో పూర్తయిన తన ప్లాంటును జలాశయాలు నిండగానే 2012లో ఆపి, 2019 దాకా ఊరికే ఉంచింది. చవకైన నీరు దొరికినప్పుడు ఏ నగరమైనా చేసేది అదే. చెన్నై అలా చేయకుండా ఉండాలంటే ఆ తేడాను ఎవరో ఒకరు భరించాలి. మిగిలిన టీఎంసీని వేరుశనగకు పారిస్తే ఎకరాకు 50 వేలు పడుతుంది కాబట్టి ఆ మాట మరిచిపోవచ్చు. మనిషికి రోజుకు వంద లీటర్ల చొప్పున తాగునీటికి కేటాయిస్తే మాత్రం, అదే టీఎంసీ ఏడున్నర లక్షల మందికి పైగా ఏడాదంతా సరిపోతుంది. తలకు పడే ఖర్చు సంవత్సరానికి 900 రూపాయల దగ్గర తేలుతుంది. ఫ్లోరైడ్ ఊళ్లకు ఇది న్యాయమైన ధరేనని నా అభిప్రాయం. ఆ డబ్బు చెన్నైకి మన ప్రభుత్వమే చెల్లించాలి. కాకపోతే, అలా మిగిలిన నీటిలో తమ 5 టీఎంసీల వాటా ఏమైందని మహారాష్ట్ర, కర్ణాటక అడిగే అవకాశం ఉంది కనుక, వాటితో ముందే మాట్లాడుకోవలసి ఉంటుంది.