రాగి వైరు తొక్క ఒలిచి అమ్మాలా, అలాగే అమ్మాలా?

పాత వైర్లను తుక్కుకు వేయబోయే ప్రతివారికీ ఒకే సందేహం వస్తుంది: పైనున్న ప్లాస్టిక్ తొక్క ఒలిచి ఒట్టి రాగిని అమ్మాలా, లేక ఉన్నది ఉన్నట్టుగా కాటా మీద పెట్టాలా? ఒలిచిన రాగికి కిలో ధర ఎక్కువ పలుకుతుంది కనుక ఒలవడమే లాభమని చాలామంది సలహా ఇస్తారు. అది సగం నిజమే. లాభం కిలోల్లో వస్తుంది గానీ శ్రమ మీటర్లలో పడుతుంది. ఈ రెండింటినీ కలిపి చూడకుండా కిలో ధరలను మాత్రమే పక్కపక్కన పెట్టుకుంటే లెక్క తేలదు.

ముందుగా వైరు బరువులో రాగి వాటా ఎంతో తెలియాలి. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు కాగా, తొక్కకు వాడే పీవీసీది సుమారు 1.4 గ్రాములు మాత్రమే. ఇళ్లలో ప్లగ్ పాయింట్లకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల (లోపలి రాగిని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం) ఒంటి తీగ వైరును తీసుకుంటే, ఒక మీటరులో రాగి దాదాపు 22 గ్రాములు, తొక్క 9 గ్రాములు ఉంటాయి. అంటే బరువులో రమారమి 70 శాతం రాగే. 10 చదరపు మిల్లీమీటర్ల లావు వైరులో ఈ వాటా 80 శాతానికి చేరుతుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరులో సగానికి కాస్త పైన ఉంటుంది, దాని మీద ఇంకో పైపొర కూడా ఉంటే సగానికి దిగువకు పడిపోతుంది. అలంకరణ దీపాల తీగల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాటిలో అధిక భాగం ప్లాస్టిక్కే.

ఇప్పుడు ధరల సంగతి. శుభ్రమైన ఒట్టి రాగి కిలో ధరను 100 అనుకుందాం. 10 చదరపు మిల్లీమీటర్ల వైరును తొక్కతో సహా 65కు, 2.5 వైరును 55కు, సన్న వైరును 40కి కొంటామన్నారనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, అసలు ధరలు రోజూ మారుతుంటాయి. లావు వైరు కిలో ఒలిస్తే 80 విలువైన రాగి వస్తుంది, అంటే 15 అదనం. 2.5 వైరులోనూ అదనం 15 గానే తేలుతుంది. సన్న వైరు రాగికి తక్కువ రకం ధర, 90 చొప్పున, కట్టినా కిలోకు 8 దాకా మిగులుతుంది. ఇంతవరకు చూస్తే మూడూ ఒలవదగ్గవిగానే కనిపిస్తాయి. కానీ కిలో లావు వైరు అంటే సుమారు 9 మీటర్లు, కిలో 2.5 వైరు అంటే 32 మీటర్లు. కిలో సన్న వైరు అంటే 115 మీటర్ల పైచిలుకు. మీటరు ఒలిచినందుకు దక్కేది మొదటిదానిలో 1.7 దాకా ఉంటే, రెండోదానిలో 0.5కు కాస్త తక్కువ, మూడోదానిలో 0.07 మాత్రమే. సన్న వైరును పొద్దస్తమానం కూర్చుని ఒలిచినా కూలి గిట్టదని ఈ ఒక్క అంకే చెబుతుంది.

సన్న వైరు రాగికి తక్కువ ధర ఎందుకంటే, తుక్కు రాగిలోనూ రకాలున్నాయి. అంతర్జాతీయ వ్యాపారంలో చెలామణీలో ఉన్న అమెరికన్ రీసైక్లర్ల వర్గీకరణ ప్రకారం, పై రకమైన ‘బార్లీ’ కింద లెక్కలోకి రావాలంటే తీగ ఒట్టిదై, పూత లేనిదై, 16 గేజ్ కన్నా సన్నం కాకుండా ఉండాలి. అంటే వ్యాసం సుమారు 1.3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వెంట్రుకల్లాంటి పోగులతో అల్లిన మెత్తని వైరు ఎంత శుభ్రంగా ఒలిచినా ఆ మెట్టు ఎక్కదు. తగరం పూతతో తెల్లగా మెరిసే రాగి కూడా అంతే. కాబట్టి వైరు లావు చూసి మాత్రమే నిర్ణయించుకోకుండా, లోపలి పోగు ఎంత సన్నమో కూడా చూడాలి. ఒట్టి చేతితో తేల్చుకోదగ్గ విషయమే ఇది: కొన వంచి వదిలితే ఒంటి తీగ వంగినట్టే నిలుస్తుంది, మెత్తని వైరు వేలాడిపోతుంది.

నా మాట అడిగితే, ఒలవాలా వద్దా అన్న ప్రశ్నకన్నా ముందు చేయవలసిన పని ఏరడం. అన్నీ కలిపి ఒకే కుప్పగా తీసుకెళ్తే కొనేవారు అందులోని నాసిరకాన్ని చూసి ధర కడతారు, వారిని తప్పుపట్టలేం. లావు ఒంటి తీగ ఒక కట్ట, మెత్తని వైరు ఒక కట్ట, పలు పొరల కేబుల్ ఒక కట్ట చేసి, ప్లగ్గులు, లగ్గులు (వైరు కొనకు బిగించే లోహపు తొడుగులు) కత్తిరించి తీసేస్తే, కత్తి పట్టకుండానే ధర పెరుగుతుంది. ఆ తర్వాత ప్రతి కట్ట నుంచి మీటరు ముక్క కోసి, వంటింటి తూకం మీద గ్రాముల్లో తూచి, దాన్ని ఒలిచి, రాగిని మళ్లీ తూచాలి. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే రాగి వాటా వచ్చేస్తుంది. ఒలిచేటప్పుడు గడియారం కూడా చూసుకుంటే ఇక ఊహకు చోటే ఉండదు. చివరికి ఒలవకుండానే అమ్మినా, ఆ ముక్క, ఆ శాతం చేతిలో ఉంటే బేరం మరోలా సాగుతుంది.

ఈ పరీక్షలో మోసాలూ బయటపడతాయి. ఎర్రగా ఉన్నదల్లా రాగి కాదు. బ్లేడుతో గట్టిగా గీకినప్పుడు ఎర్రపొర లేచి కింద తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, చేతిలో తేలిగ్గా ఉండడంతోనే అనుమానం రావాలి. టీవీ కేబుల్ మధ్య తీగకు అయస్కాంతం అంటుకుంటే లోపల ఉన్నది ఉక్కు. ఈ రెండింటినీ ఒలవడం వృథా ప్రయాస.

ఒలిచే పని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. కరెంటు లైనుకు కలిసి లేదని ముందే చూసుకోవాలి. పీవీసీ వెచ్చబడితే మెత్తబడుతుంది కనుక ఎండలో కాసేపు ఉంచిన వైరు తేలిగ్గా ఒలుస్తుంది. ఒక కొనను బల్లకు బిగించి, వైరును నిటారుగా లాగిపట్టి, బ్లేడును ఒంటికి దూరంగా నడపాలి. పొడవాటి ముక్కలైతే చేయి తిరుగుతుంది గానీ జానెడేసి తుంపులైతే ప్రాణం విసుగెత్తుతుంది. వాటిని అలాగే అమ్మేయడం మేలు. ఒలిచే యంత్రం కొనడం ఎప్పుడూ సరుకు చేతికందే వారికి తగును, ఒక్క ఇంటి వైరింగ్ కోసం అది దండగ.

ఇంత శ్రమ దేనికి, కాల్చేస్తే పోతుంది కదా అనేవారూ ఉన్నారు. అది నేరమైన చోట్లు చాలా ఉన్నాయి, నేరం కాని చోట కూడా చేయకూడని పని. పీవీసీ కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువు వెలువడుతుంది. పక్కనే ఉన్న రాగి ఉత్ప్రేరకంగా పనిచేయడం వల్ల డయాక్సిన్లు అనే విష రసాయనాలు మరింతగా పుడతాయి. ఇలాంటి మొండి విష రసాయనాల కట్టడికి 2001లో దేశాల మధ్య కుదిరిన స్టాక్‌హోమ్ ఒడంబడిక అనుబంధంలో, అనుకోకుండా డయాక్సిన్లు పుట్టించే పనుల జాబితాలో రాగి కేబుళ్లను కాల్చడం ప్రత్యేకంగా చేరింది. పైగా మంట తగిలి నల్లబడిన రాగి పై రకం కింద పోదు. కాల్చిన రాగిని, పేరూ ముద్రా లేని ఒలిచిన రాగిని చూసినప్పుడు దొంగసొత్తేమోనన్న శంక కొనేవారికి కలగడం కూడా సహజమే. అందుకే తొక్క మీద కొలత అచ్చయిన ముక్క ఒకటి ఒలవకుండా వెంట ఉంచుకోవడం మంచిది.

చివరిగా తొక్క సంగతి. 10 కిలోల 2.5 వైరు ఒలిస్తే 3 కిలోల పీవీసీ చేతిలో మిగులుతుంది. పాత పీవీసీలో సీసం కలిపిన రకాలు ఉండేవి కనుక ఒలిచాక చేతులు కడుక్కోవాలి, ఆ తొక్కను పొయ్యిలోకీ మట్టిలోకీ పోనివ్వకూడదు. కలగాపులగం కాకుండా ఉంటే పీవీసీని కొనేవారు దొరకవచ్చు. దొరక్కపోతే దాన్ని తగిన చోటికి చేర్చే ఖర్చును కూడా ఆ 15లోంచే తీసేసి చూసుకోవాలి. 2.5 వైరు విషయంలో నిర్ణయం అటో ఇటో మొగ్గేది చాలాసార్లు ఇక్కడే.