స్వెటర్ పోయింది, ఉన్ని పని అంటుకుంది

పోయిన డిసెంబరులో మా ఆయన స్వెటర్‌ని చూసుకోకుండా బెడ్‌షీట్లతో కలిపి వాషింగ్ మెషిన్‌లో వేసి, 60 డిగ్రీల వేడినీళ్ల వాష్ పెట్టేశాను. తీసి చూస్తే మా ఏడేళ్ల బాబుకి కూడా బిగుతుగా ఉంది! డార్జిలింగ్ వెళ్లినప్పుడు ముచ్చటపడి కొనుక్కున్న అసలు ఉన్ని స్వెటర్ అది. లాగి చూశాను, కండిషనర్‌లో నానబెట్టాను. ఊహూఁ.

అప్పుడు తెలిసింది, దీన్నే ఫెల్టింగ్ అంటారని, కొందరు కావాలనే చేస్తారని. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. జడ చిక్కయినా దువ్వితే విడిపోతుంది, ఇది విడిపోదు. అందుకే కత్తిరించినా అంచున పోగులు ఊడిరావు.

ఆ స్వెటర్ వెనక భాగం నుంచి నాలుగు చదరాలు కత్తిరించి, రెండేసి పొరలు కలిపి మసిగుడ్డలుగా కుట్టాను. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) లోంచి బ్రెడ్ టిన్ను తీయడానికి అంతకుముందు పాత టర్కీ టవలు మడతపెట్టి వాడేదాన్ని, ఏదో ఒక వేలు చురుక్కుమనేది. వీటితో ఆ బాధ పోయింది. ఒక్కటే జాగ్రత్త, తడిగా ఉన్నప్పుడు పట్టుకోకూడదు. ఆ ఉత్సాహంలో బీరువాలో ఉన్న పాత శాలువాను కూడా మరిగే నీళ్లలో వేశాను. శుభ్రంగా ఉతికినట్టు బయటికొచ్చింది, అంతే. అంచున ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాలిస్తే కరిగి నల్లటి పూసలా అయింది. అసలు ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. ఇన్నేళ్లూ ఉన్ని శాలువా అనుకుని నాఫ్తలిన్ ఉండలు పెట్టి దాచుకున్నది అక్రిలిక్, అంటే కృత్రిమ నూలు!

స్వెటర్ అయిపోయాక చేతులు ఊరుకోలేదు. అత్తమ్మది సిద్దిపేట దగ్గర పల్లె. సంక్రాంతికి వెళ్లినప్పుడు, గొర్రెల బొచ్చు కత్తిరించిన చోట అడిగితే ఒక సంచి నిండా నల్ల బొచ్చు ఇచ్చారు. దక్కనీ గొర్రెలది. గొంగళ్లు నేసేది దీంతోనే. ఇంటికొచ్చి సంచి విప్పగానే అత్తమ్మ ముక్కు మూసుకుంది.

"ఏంది బిడ్డా, ఫ్లాటంత గొర్ల దొడ్డి జేస్తివి!"

నిజమే. జిడ్డు, మట్టి, పల్లేరు కాయలు. ఒక ఆదివారమంతా దాన్ని శుభ్రం చేయడానికే సరిపోయింది. కుంకుడుకాయ రసం కలిపిన వేడినీళ్లలో కదపకుండా నానబెట్టాలి. పిసికారో, చిక్కుపడి ఉండలు కడుతుంది. నాలుగు బకెట్ల తర్వాత గానీ నీళ్లు తేటపడలేదు. ఆరబెట్టి, కుక్కలను దువ్వే బ్రష్షులు రెండు కొనుక్కొచ్చి వాటితో ఏకాను. అది చూసి అత్తమ్మే పక్కన కూర్చుని పల్లేరు కాయలు ఏరింది. తన చిన్నప్పుడు గొంగళి నేతలో పడుగుకు (నిలువు పోగులకు) చింతగింజల గంజి ఎలా పట్టించేవాళ్లో చెప్పుకుంటూ.

ఇక అసలు పని, ఫెల్టు ముక్క చేయడం. ఏకిన ఉన్నిని పలచటి పాయలుగా తీసి ఒక పొర నిలువుగా, దాని మీద ఇంకో పొర అడ్డంగా, మళ్లీ నిలువుగా పరచాలి. పైన దోమతెర ముక్క కప్పి, స్నానం సబ్బు తురుము కరిగించిన గోరువెచ్చని నీళ్లు చిలకరించి, అరచేత్తో పాపాయి వీపు రాసినట్టు రాయాలి. మొదటిసారి నాకు ఆ ఓపిక లేక గట్టిగా రుద్దేశాను. పొరలు పక్కకు జరిగిపోయి నడుమ కన్నం పడింది. రెండోసారి బాగానే ఉందనుకున్నా, ఎంత రాసినా వదులువదులుగానే ఉంది. దక్కనీ ఉన్ని మొరటుది, త్వరగా బిగుసుకోదు. ఆన్‌లైన్‌లో కొంచెం మెరీనో (మెత్తటి రకం గొర్రెల) ఉన్ని తెప్పించి సగానికి సగం కలిపి ఏకాక పట్టు దొరికింది. పైన గిల్లి చూస్తే పోగులు లేవకుండా మొత్తం పొరంతా కలిసి లేవాలి, అదీ గుర్తు. అక్కడి నుంచి మొహమాటం అక్కర్లేదు. బబుల్ షీట్‌లో చుట్టి, చపాతీ కర్ర కింద దొర్లించినట్టు నాలుగు వైపులా దొర్లించి, చివర్లో బాత్‌రూమ్ గచ్చు మీద టపటపా కొట్టడమే. 25 సెంటీమీటర్లు పరిస్తే 18కి వచ్చింది. సబ్బు పోయేదాకా జాడించి, ఆఖరి నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ వేశాను.

ఈ గొడవలో పడి బ్రెడ్ పిండి సంగతే మర్చిపోయాను. మార్చి ఎండ అప్పటికే ముదిరింది, వంటింట్లో గంటన్నరలో గిన్నె దాటి గట్టు మీదికి పొంగింది. పుల్లటి వాసన. పారేయబుద్ధి కాక ఉల్లికాడలు, పచ్చిమిర్చి చల్లి పెనం మీద రొట్టెలు కాల్చాను. మా బాబు మూడు తిన్నాడు. ఇప్పుడు ఉన్ని పని ఉన్న రోజు పిండిని ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాను.

ఏకగా మిగిలిన తుక్కు మిద్దె మీద పుదీనా కుండీలోకి వెళ్లింది. మట్టి మీద పరిస్తే తడి నిలుస్తుంది, మెల్లగా కుళ్లి మొక్కకు నత్రజని కూడా అందుతుంది. రోజూ పోసే నీళ్లు ఇప్పుడు రోజు విడిచి రోజు పోస్తున్నాను. ఒక చిక్కుంది. పిచ్చుకలు వచ్చి పోగులు లాక్కుపోతున్నాయి. పోనీలెండి.

మొన్న అత్తమ్మ దేవుడి గదిలోంచి పిలిచి, పీట మీద వేసుకోవడానికి ఒకటి చెయ్యమంది. "నల్లగనే ఉండాలె, గా తెల్ల బొచ్చు కలపకు." మెరీనో కలపకపోతే బిగుసుకోదని ఎంత చెప్పినా వినదు. నల్లరంగు వేసిన మెరీనో ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుందట. ఆమెకు చెప్పలేదు.